పురుషోత్తం ఇంతెజాం

ఎల్లారెడ్డి బస్టాండు కాడ కిరాయి సైకిళ్ల దుకాణం ఉన్న పురుషోత్తం, పొద్దుగూకంగనే దుకాణం మూసి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, అంగీ చేతులు మోచేతుల మీదికి మలుచుకొని, బీడీ ఆకు తడుపుతుండె. ఇంటి పనిల ఆయన చేసేది అదొక్కటే. అందుకే నలుగురు చూసేటట్టు చేస్తుండె. బకిట్ల నీళ్లు మాత్రం తాను నింపడు, పెండ్లాం గంగామణి నింపి పెట్టాలె. ఆకు కట్ట తాను తేడు, తల్లి రాములవ్వ తెచ్చి చేతికియ్యాలె. ఇగ ఆయన ఆ కట్టను నీళ్లల్ల ముంచి, అటు తిప్పి ఇటు తిప్పి, జాడిచ్చి, తడి గోనెసంచిల చుట్టి మూలకు పెట్టి, నడుము పట్టుకొని మూలుగుకుంట లేస్తడు. చూసినోళ్లు, ఈయన పొద్దంత నాగలి దున్ని వచ్చిండేమో అనుకోవాలె.

రాత్రంత నానిన ఆకు తెల్లారేసరికి మెత్తగైతది. దాన్ని గంగామణి కత్తిరిచ్చి, చాట ఒళ్లె పెట్టుకొని, తంబాకు పోసి వెయ్యి బీడీలు చుట్టి, మూతులు మలిచి కట్టలు కడుతది. నాలుగు గంటలకు ఆ కట్టలు సంచిల ఏసుకొని సైకిలు మీద కార్ఖానకు పోయేది మళ్ల పురుషోత్తమే. తొవ్వల ఎవరన్న ఎటు పోతున్నవని అడిగితే, "బీడీలిచ్చి వస్త, పొద్దుగాల్ల నుంచి ఇదే పనాయె" అంటడు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది, వానలు పడ్డంక, ఈ ఆకు తడుపుడుల మార్పు వచ్చింది. ఒక్క కట్ట కాడ రెండు కట్టలు తడుపుడు షురువైంది. గంగామణి కడుపుల ఇద్దరున్నరని తెలిసిన దినం నుంచి పురుషోత్తం ఇంట్ల అన్నీ రెండు రెండైనయి. గంగామణి చేతులు మాత్రం ముందటి లెక్కనే ఉన్నయి.

సంగతి చెప్పింది మంత్రసాని ఎంకవ్వ. ఐదో నెలల కడుపు మీద చెయ్యేసి అటు ఒత్తి ఇటు ఒత్తి, మళ్ల మొదటికొచ్చి ఒత్తిందట. రాములవ్వకు భయమై ఏందని అడిగితే, ఒక తలకాయ ఈడున్నది, ఇంకో తలకాయ ఆడున్నది, నా చేతులు నలభై ఏండ్ల నుంచి అబద్ధం చెప్పలేదు అన్నది. ఆ మాట గోడ అవతలి నుంచి విన్న పురుషోత్తం చెప్పులు తొడుగుడు మర్చిపోయి బజారుకు ఉరికిండు. బస్టాండు కాడ చాయ్ హోటల్ల ఉన్నోళ్లందరికి చాయ్ తాపిచ్చిండు. పిట్లం బస్సు కోసం నిలబడ్డ ఎవరో ముక్కు మొగం తెల్వని ముసలాయనకు కూడ తాపిచ్చిండు. ఆయన పాపం, చాయ్ తాగి, ఎలక్షన్ల ఎవరు నిలబడ్డరు బిడ్డా అని అడిగిండు.

పక్క దుకాణం ఘనీది. ఘనీ కట్టె పనోడు. దర్వాజలు, కుర్చీలు చేస్తడు. ఇద్దరికి చిన్నప్పటి నుంచి దోస్తానా ఉన్నది కాబట్టి ఒకని పరువు ఇంకొకడు తీసే హక్కు ఉన్నది. ఇద్దరు పిల్లలు పుట్టేది గంగామణికి కదా, నువ్వెందుకు ఒగరుస్తున్నవని ఘనీ అడిగిండు. పురుషోత్తం ఆ మాట విననట్టు పోయి, ఇంతెజాం చెయ్యాలె భాయ్, ఇద్దరికి సరిపోయే ఏర్పాట్లు, మస్తు ఇంతెజాం చెయ్యాలె అన్నడు. ఆ దినం నుంచి ఆ మాట ఆయన నోట్ల నుంచి దిగలే.

మొదటి ఇంతెజాం దుకాణం బోర్డు. రేకు మీద 'పురుషోత్తం సైకిల్ మార్టు' అని ఉన్నదాన్ని దించి, పెయింటర్‌ను పిలిపిచ్చి, 'పురుషోత్తం అండ్ సన్స్' అని రాయిచ్చిండు. ఆడబిడ్డలు పుడితే ఏం చేస్తవని ఘనీ అడిగితే, తుడుస్తం అన్నడు. ఆ ముచ్చట ఇంట్ల చెప్పి నవ్విండు కూడ. గంగామణి బీడీ చుట్టుకుంటనే, తల ఎత్తకుండ, గాసునూనెతోని తుడిస్తె జల్ది పోతది అన్నది. ఆయనకు అది మంచి సలహా లెక్కనే వినపడ్డది.

రెండో ఇంతెజాం సైకిలు. పిల్లలిద్దరిని ఎక్కిచ్చుకొని తిరగాలె గద. ముందటి రాడు మీద ఒక సీటు, ఎనుక క్యారేజి మీద ఒక సీటు వెల్డింగు చేయిచ్చిండు. ముందు కూసున్నోనికి అన్నీ కనపడుతయి, ఎనుక కూసున్నోడు చిన్నబుచ్చుకుంటడని, ఎనుక సీటుకు గంట కూడ పెట్టిచ్చిండు. ఇగ బరువు ఆగుతదో లేదో చూడాలె. ఇంటెనుక పెరట్ల కాసిన గుమ్మడికాయలు రెండు తెచ్చి, ఒకటి ముందట ఒకటి ఎనుక తాళ్లతోని కట్టి, బజారుల సైకిలెక్కిండు. హోటల్ల ఉన్నోళ్లు చాయ్ గిలాసలు పట్టుకొని బయటికొచ్చి నిలబడ్డరు. ఆయన ఎనుకకు తిరిగి ఎనుక కాయ ఎట్లున్నదో చూసిండు. చూసేసరికి ముందటి చక్రం బజారు పక్క మోరీల దిగింది. ఆయన ఒక దిక్కు పడ్డడు. ముందటి కాయ పగిలి గింజలు బజారంత చిందినయి. ఎనుక కాయకు ఏం కాలేదు, దాని గంట మాత్రం మోగుకుంటనే ఉన్నది.

రాములవ్వకు ఈ సంగతి తెలిసి నెత్తి కొట్టుకున్నది. ఇది మంచిది కాదు, ఇది శకునం అన్నది. ఘనీ ఆమెను ఊకుంచిండు. "అవ్వా, మీరు దిష్టికి గుమ్మడికాయ పగులగొడుతరు గద. గిది గూడ గట్లనే అనుకో. పైసా ఖర్చు లేకుండ నీ కొడుకు బజారుల దిష్టి తీసిండు." ముసలమ్మకు నవ్వొచ్చింది గాని నవ్వలే. కాన్పుకు ముందు ఏదీ కొనద్దు, కుట్టద్దు, పిల్ల లేని ఉత్త తొట్టెల ఇంట్లకు తేవద్దు అన్నది ఆమె కట్టుబాటు. ఆమె అత్తది అదే, ఊరందరిది అదే. పిల్ల పుట్టినంక పాత ధోవతి చింపి చుట్టుడు, ఇరువై ఒకటో దినం తొట్టెలల ఏసుడు, ఇదే తెలిసినోళ్ల పద్ధతి. కొడుకేమో మూడో ఇంతెజాం కింద ఘనీకి రెండు తొట్టెలలు చెప్పి వచ్చిండు. రెండూ ఒక్క తీరుగ ఉండాలె, వెంట్రుకంత తేడ ఉండద్దు, రెండిటికి చిలుకలు ఉండాలె.

అందరూ నవ్విండ్రు. నవ్వేటట్టే ఉన్నడు ఆయన. గాని ఎందుకట్ల చేస్తున్నడో ఎవరికి తెల్వది, ఆయన ఎవరికి చెప్పలే.

రెండేండ్ల కింద గంగామణికి ఏడో నెలల ఆడపిల్ల పుట్టింది. ఒక్క రాత్రి ఉండి పోయింది. పేరు లేదు. ఆ పిల్లను చుట్టేటందుకు ఇంట్ల మెత్తటి బట్ట దొరకలే. ఎతికి ఎతికి రాములవ్వ తన కొంగే చింపింది. తెల్లారి పిల్లను తీస్కపోయేటప్పుడు పురుషోత్తం చేతుల మీద ఆ కొంగు ముక్కనే ఉన్నది, దానికి పసుపు మరక ఉన్నది. ఊర్ల అందరూ దేవుడు రాసింది అన్నరు. ఆయన మాత్రం లోపల ఇంకో లెక్క కట్టుకున్నడు. పిల్ల వచ్చి చూసింది, నా కోసం వీళ్లు ఏం తయారు పెట్టలేదు, బట్ట లేదు, తొట్టెల లేదు, పేరు కూడ లేదు అనుకున్నది, మర్లి పోయింది. పుట్టిన పిల్ల పోయినోళ్లకు ఇసుంటి లెక్కలు శానా వస్తయి. అవి తప్పని ఇంకొకరు చెప్పినా దిగవు. ఈసారి వచ్చేటోళ్లు చూసేసరికి అన్నీ ఉండాలె. మర్లి పోయేటందుకు సాకు దొరకద్దు. ఆయన ఇంతెజామంత అందుకే.

మరి ఇంత ఇంతెజాం ఊకెనే కాదు గద. నాలుగు పాత సైకిళ్ల కిరాయితోని చిలుకల తొట్టెలలు రావు. అందుకు ఆయన దగ్గర ఒక ఉపాయం ఉన్నది. ఆ ఉపాయం తట్టిన దినం తనకు తానే మురిసిండు.

పక్కింటి భూదవ్వకు బీడీ కార్డు ఉన్నది. ముసలామెకు వేళ్లు వంకరపోయి చుట్టుడు చాతనైతలేదు. కార్డు ఖాళీ పడి ఉంటె కార్ఖానోళ్లు పేరు కొట్టేస్తరు. నీ కార్డు మీద ఆకు, తంబాకు మేము తెచ్చుకుంటం, సగం వెయ్యి చుట్టిస్తం, నీకు ఇంత ఇస్తం అని పురుషోత్తం ఆమెతోని మాట్లాడుకున్నడు. ఇంటికొచ్చి గంగామణికి ఎంత సంబురంగ చెప్పిండంటే, ఆమెకు బంగారం తెచ్చినట్టే. "ఇద్దరు పిల్లలాయె, రెండు కార్డులాయె. జోడు కలిసింది." గంగామణి ఒక్క నిమిషం ఆయన మొగం చూసింది. చూసి, దారం ఉండ ఎటు దొర్లిందో ఎతుక్కున్నది.

ఇగ అప్పటి నుంచి మొగులు తెల్లబడకముందే లేసి ఆమె ఆకు కత్తిరిచ్చుడు షురువు చేస్తుండె. గోడకు వీపు ఆనిచ్చి, కాళ్లు చాపి, చాటను ఒళ్లె పెట్టుకోవాలంటే ఒడి ఉండాలె గద. కడుపు పెరిగి ఒడి పోయింది. చాటను మోకాళ్ల మీదికి జరిపింది. ఏడో నెల వచ్చేసరికి మోకాళ్లు కూడ అందలే, పీట మీద పెట్టుకొని పక్కకు ఒంగి చుడుతుండె. పదిహేను వందలు. తంబాకు దుమ్ముకు దగ్గొస్తే కడుపు పట్టుకొని దగ్గుతుండె. పాదాలు ఉబ్బి మట్టెలు బిగుసుకున్నయి. రాములవ్వ సబ్బునీళ్లు పోసి తీసింది.

పురుషోత్తం ఇదంత చూడలేదా అంటె, చూసిండు. కార్ఖానల మున్షీ ఒకనాడు కట్టల్ల నుంచి కొన్ని తీసి, మూతులు సక్కగ లేవని పక్కకు పారేస్తే, ఇంటికొచ్చి, జెర చూసి చుట్టరాదు, పిల్లల ముచ్చట గద అన్నడు. ఆ మాట విన్న భూదవ్వ గోడ మీదికెల్లి అన్నది: "బజారంత తిరిగి ఇద్దరు ఇద్దరు అంటివి కొడుకా. చుట్టేది ఒక్కతేనాయె." పురుషోత్తం నవ్విండు. ముసలోళ్లు అట్లనే అంటరు.

ఎంకవ్వ మళ్ల వచ్చి చూసి, ఇది నా చేతుల పని కాదు, కామారెడ్డి తీస్కపో అని రెండుసార్లు చెప్పింది. తొట్టెలలు కానియ్యి, ఆగు అన్నడు పురుషోత్తం. మరి చివరికి ఎందుకు పోయిండంటే, ఎంకవ్వ చెప్పినందుకు కాదు. ఘనీ చాయ్ హోటల్ల ఒక మాట అన్నడు. ఇద్దరు లేరు ఏం లేరు, ఒక్కడే లావుటోడు ఉన్నడు, ఎంకవ్వ పట్టుకున్నది ఒకటి తలకాయ, ఇంకోటి పిర్ర అన్నడు. హోటలంత నవ్వింది. బోర్డు రాయిచ్చినోడు, సైకిలుకు రెండు సీట్లు పెట్టిచ్చినోడు ఈ మాట ఎట్ల పడుతడు. తెల్లారే గంగామణిని తీసుకొని కామారెడ్డి బస్సెక్కిండు. ఆకు కత్తిరిచ్చి పెట్టి ఉన్నది, రేపు రెండు దినాలయి కలిపి చుట్టాలెనేమో అని గంగామణి అంటె, ఒక్కదినమే గద అన్నడు.

బస్సు తాడ్వాయిల ఆగినప్పుడు పక్క సీటాయనకు కూడ చెప్పిండు. ఇద్దరు అన్నడు. డాక్టరు కాయితం తెచ్చేటందుకు పోతున్నం అన్నడు. గంగామణి కిటికికి తల ఆనిచ్చి కండ్లు మూసుకున్నది. గతుకు వచ్చినప్పుడల్ల ఆమె చెయ్యి కడుపు కిందికి పోతున్నది.

కామారెడ్డిల డాక్టరమ్మ దవాఖాన చిన్నది. బయట బల్ల మీద శానమంది కూసున్నరు. డాక్టరమ్మకు తల నెరిసింది, మాటల చక్కెర లేదు. గంగామణిని బల్ల మీద పండబెట్టి, గొట్టం పెట్టి ఒక దిక్కు విన్నది, ఇంకో దిక్కు విన్నది. పురుషోత్తం తెర పక్కన నిలబడి మెడ సాపి చూస్తున్నడు.

"ఇద్దరేనా డాక్టరమ్మా?"

"ఇద్దరే."

ఆయన అంగీ కాలరు సర్దుకున్నడు. ఆ ముచ్చట కాయితం మీద రాసియ్యమన్నడు, ముద్ర ఉంటె ఇంకా మంచిది అన్నడు. ఎవరికి చూపెట్టేందుకు అని డాక్టరమ్మ అడిగితే, బస్టాండు కాడ ఘనీ అని ఒకడున్నడు అని చెప్పబోయి, ఆమె మొగం చూసి ఆగిండు. ఆమె ఆయన దిక్కు చూస్తలేదు. గంగామణి చెయ్యి తన చేతులకు తీసుకొని వేళ్లు చూస్తున్నది. వేలు కొసలు కమిలి నల్లబడ్డయి, గోర్లు పసుపుపచ్చగైనయి. ముక్కు కాడికి తెచ్చుకొని వాసన చూసింది.

"దినానికి ఎన్ని చుడుతవమ్మా?"

"వెయ్యి చుడుతుంటి. ఇప్పుడు పదిహేను వందలు."

"ఇప్పుడు ఎక్కువైనయా?"

గంగామణి నోరు తెరిచేలోపు పురుషోత్తమే చెప్పిండు, ఇద్దరు పిల్లలు గదా అని. పెద్దగనే చెప్పిండు. తెర అవతల కూసున్నోళ్లల్ల ఎవరో గొంతు సవరిచ్చుకున్నరు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంట, ఇంట్ల ఇంకేం ఏర్పాట్లు చేసినవయ్యా అని అడిగింది. ఈ ప్రశ్న కోసమే మూడు నెలల నుంచి చూస్తున్నడు గద ఆయన. ఒక్కటి ఇడువకుండ చెప్పిండు. తొట్టెలలు రెండు, చిలుకలతోని. సైకిలుకు సీట్లు రెండు. ఎనుక సీటుకు గంట. బోర్డు. పేర్లు నాలుగు, ఎవరు పుట్టినా సరిపోయేటట్టు. టోపీలు నాలుగు. బొంతలు రెండు.

ఆమె మొత్తం విన్నది. విని, తువ్వాలతోని ఒక్కొక్క వేలు తుడుచుకున్నది.

"ఈమె పండేటందుకు ఏం చేసినవ్?"

"చాప ఉన్నది డాక్టరమ్మా."

"మంచం లేదా?"

"ఉన్నది. నులక మంచం."

"దాని మీద ఎవరు పంటరు?"

పురుషోత్తంకు ఆ మంచం కండ్లల్ల కనపడ్డది. వాకిట్ల, యాపచెట్టు కింద, నులక బిగిచ్చి కట్టిన మంచం. ఇంట్ల ఉన్నది అదొక్కటే. పెండ్లైన నాటి నుంచి దాని మీద ఇంకొకరు పన్నట్టు ఆయనకు యాదికి రాలే. "నేనే" అన్నడు. ఆ మాట శానా చిన్నగ వచ్చింది.

డాక్టరమ్మ చీటీ ముందటికి గుంజుకున్నది. రెండు నెలలు ఈమె ఎడమదిక్కుకు పండుకొని ఉండాలె, కాళ్ల కింద ఎత్తు పెట్టుకోవాలె, చాట ముట్టద్దు, తంబాకు ఉన్న అర్రల ఉండద్దు, నొప్పి అనంగనే ఇక్కడికి తేవాలె అన్నది. ఇంతకుముందు ఏమన్న కాన్పు అయ్యిందా అని అడిగింది. పురుషోత్తం తొందరపడి, అయ్యింది గాని దేవుడు రాయలే అనబోయిండు. గంగామణి ఆయన కంటె ముందు మాట్లాడింది. పప్పు ఎంత పోసిన, ఉప్పు ఎంత ఏసిన అని చెప్పినట్టే చెప్పింది.

"ఆ దినం తెల్లారంగనే నొప్పులు షురువైనయి డాక్టరమ్మా. ఇంకా మూడు వందలు తక్కువ ఉండె. చుట్టుకుంట కూసున్న. నాలుగింటికి ఈయన సంచి పట్టుకొని ఇంటి కడపల నిలబడ్డడు. కట్టలు ఆయన చేతికిచ్చి, ఆయన పోయినంక, ఎంకవ్వను పిలువుమని అత్తకు చెప్పిన."

పురుషోత్తంకు ఆ దినం మొత్తం యాదికొచ్చింది. కడపల నిలబడ్డడు, నిజమే. సంచి మోచేతికి తగిలిచ్చుకున్నడు. ఆమె నుదురు మీద చెమట ఉండె, ఉక్కపోత అనుకున్నడు. జల్ది కానియ్యి, మున్షీ లేస్తడు అన్నడు. ఆమె కట్టలు అందిచ్చింది. ఆయన అవి లెక్క పెట్టుకున్నడు. లెక్క సరిపోయినందుకు ఈలేసుకుంట సైకిలెక్కిండు. కార్ఖాన నుంచి వస్తు దారిల ఒక పాన్ కూడ తిన్నడు.

పిల్ల వచ్చి చూసి మర్లి పోయిందని రెండేండ్ల నుంచి అనుకుంటున్నడు. పిల్లకు తొట్టెలతోని, టోపీతోని పని లేకుండె.

డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. ఇద్దరు అని కూడ రాసింది, ముద్ర కూడ ఏసింది. ఆయన దాన్ని మడిచి జేబుల పెట్టుకున్నడు గాని మళ్ల తీసి చూడలే. బస్సుల పక్క సీటాయన కామారెడ్డిల ఏం పని అయ్యిందని అడిగితే, చిన్న పని అన్నడు. గంగామణికి ఆశ్చర్యమైంది. ఈయన దగ్గర మాటలు ఒడిసిపోవుడు ఆమె ఎన్నడు చూడలే. తాడ్వాయిల ఉడుకబెట్టిన పల్లికాయ కొనిచ్చిండు. ఆమె తినుకుంట సగం ఆయన చేతుల పోసింది. ఆయన ఒల్చి ఒల్చి మళ్ల ఆమె కొంగులనే ఏసిండు.

ఎల్లారెడ్డిల దిగేసరికి పొద్దు వాలింది. ఘనీ దుకాణంల నుంచి లేచొచ్చి, ఒకడా ఇద్దరా భాయ్, పిర్రనా తలకాయనా అని అడిగిండు. పురుషోత్తం చీటీ తీయలే. "ఇద్దరే. తొట్టెలలు ఇప్పుడే తేకు, పుట్టినంక చూద్దం. ఒకసారి ఇంటికి రా, చెయ్యి పట్టేది ఉన్నది" అన్నడు. ఘనీ మళ్ల ఎగతాళి చేద్దమని నోరు తెరిచి, ఏమనిపిచ్చిందో, రంపం పక్కకు పెట్టి ఎంట వచ్చిండు.

చెయ్యి పట్టేది నులక మంచం. యాపచెట్టు కిందికెల్లి తెచ్చి తంబాకు లేని అర్రలకు, వంటింటి పక్క అర్రలకు తేవాలె. తలుపు సన్నగున్నది, మంచం వెడల్పున్నది. నిలువుగ పెట్టిండ్రు, అడ్డంగ పెట్టిండ్రు, కాళ్లు ముందట పెట్టి లాగిండ్రు. మంచం కోడు పురుషోత్తం మోకాలికి తాకి ఆయన ఒంటికాలు మీద గెంతిండు. రాములవ్వ, ఏంది గీ పని, మొగోని మంచం లోపలికెందుకు అనుకుంట చుట్టు తిరిగింది. ఘనీ చెమట తుడుచుకొని, మంచాన్ని చూసి, దోస్తును చూసి అన్నడు: "గీ మంచం నీ ఇంతెజాంల లేకుండె గద భాయ్."

"లేకుండె" అన్నడు పురుషోత్తం.

గంగామణి మంచం మీద కూసుంటు కొత్తింట్ల కూసున్నట్టు కొసకు కూసున్నది. ఆయన జరుగు అన్నడు. ఎడమ దిక్కుకు పండుమన్నడు. కాళ్ల కింద పెట్టేటందుకు ఏం దొరకక, పిల్లల కోసం కుట్టిచ్చిన రెండు బొంతలు మలిచి పెట్టిండు. ఆమె పాదాలు వాటి మీద రెండు కుండల లెక్క ఉన్నయి. నవ్వుదమా వద్దా అని ఆమె మొగంల కొంతసేపు కొట్లాట జరిగింది.

బయట రాములవ్వ బకిట నింపి పెట్టింది. ఆకు కట్టలు రెండు తెచ్చి పక్కన పెట్టింది, గోనెసంచి తెచ్చింది. పొద్దుగూకుతున్నది కొడుకా అన్నది. ఆయన వాకిట్లకొచ్చి నిలబడ్డడు. అలవాటు కొద్ది అంగీ చేతులు మోచేతుల మీదికి మలుచుకున్నడు. గోడ మీదికెల్లి భూదవ్వ చూస్తున్నది.

డాక్టరమ్మ ఏం చెప్పిందో రాములవ్వకు చెప్పిండు. ముసలమ్మ విన్నది, కండ్లు తుడుచుకున్నది, మళ్ల తన మాటకే వచ్చింది. పండుకొనే చుడుతదేమో, ఓ ఐదు వందలు. లేకపోతే పదిహేను దినాలల్ల పేరు కొట్టేస్తరు. ఒకటి కాదు, రెండు కార్డులు. గంగామణిది పదేండ్ల కార్డు, మళ్ల పుట్టది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ కార్డుతోనే ఆ ఇల్లు నడిచింది. సైకిళ్ల దుకాణంతోని నడిచిందని ఆ ఇంట్ల నమ్మేది ఒక్కడే, ఆ ఒక్కనికి కూడ ఈ దినం నమ్మకం సడలింది. పురుషోత్తం భూదవ్వ దిక్కు చూసిండు. ఆమె వంకరపోయిన వేళ్లతోని గోడ మీది మట్టి గీకుకుంట, నా కార్డు ముచ్చట నన్నడుగకు, నేను గోడ పక్కామెను, నాకేం తెల్వది అని లోపలికి పోయింది.

ఆయన బకిట ఎత్తిండు. నీళ్లు ఆకు మీద పోయలే, కాళ్ల మీద పోసుకున్నడు. మోకాలి కింద దోక్కపోయిన కాడ మండింది. మిగిలినయి యాపచెట్టు మొదట్ల పోసిండు. ఉత్త బకిటను బోర్లిచ్చి గోడకు పెట్టిండు.

"ఆకు తడిపినవా?" గంగామణి లోపలికెల్లి అడిగింది. పదేండ్ల నుంచి ఈ యాళ్లకు అడిగే మాట అది.

"లేదు."

"పొద్దుగాల్ల పెళుసైతది. ఒంచితె ఇరుగుతది."

"ఇరగనియ్యి."

మంచం నులక కిర్రుమన్నది, ఆమె ఎడమదిక్కుకు తిరిగినట్టున్నది. రాములవ్వ గోనెసంచి పట్టుకొని కొడుకు ముందట కొద్దిసేపు నిలబడి, దాన్ని మళ్ల దండెం మీద ఏసింది. పురుషోత్తం కడపల కూసున్నడు, ఆ దినం సంచి పట్టుకొని నిలబడ్డ కాడనే. ఆకు కట్టలు రెండు ఆయన పక్కననే ఎండుగ ఉన్నయి. వాటి దిక్కు చూడకుండ అంగీ చేతులు ఒక్కొక్కటి దించుకొని, బొత్తాలు పెట్టుకున్నడు.